ఆకు మిగిలిందంటే కడుపు నిండిందని కాదు



నెల దినాలుగా మన గ్రూపులో ఒకటే వాదన నడుస్తా ఉంది. నాలుగో జ్వరం లేచిన పురుగుకు దినానికి రెండు మేతలు చాలా, మూడు కావాలా అని. రెండు చాలు అనేవాళ్లు కూలి లెక్క చెప్తారు. మూడు కావాలనేవాళ్లు గూడు తూకం చెప్తారు. రెండు పక్కల వాయిస్ మెసేజులూ విని విని మాకు ఒకటి అనిపించింది. మనమంతా మన గడియారం గురించే మాట్లాడుకుంటా ఉండాము. పురుగుకు ఆకలి ఎట్ల పుడుతుంది, కడుపు నిండిందని దానికి ఎట్ల తెలుస్తుంది, ఈ మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

మేమేమీ పెద్ద చదువులు చదివినవాళ్లం కాదు. పదో తరగతి పాసై పురుగు మేపడానికి వచ్చినవాళ్లమే. ఒక పంట పోగొట్టుకున్నాక, ఎందుకు పోయిందో తెలుసుకోవాలని అడిగినాము, ట్రైనింగుకు పోయినాము, దొరికింది చదివినాము. అందులో మాకు అర్థమైంది ఈసారి మీ ముందు పెడతా ఉండాము. ఒప్పుకోకపోతే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

ముందు మా తప్పు చెప్తాము

పోయిన ఎండాకాలం 150 లేయింగ్స్ బైవోల్టిన్ పెట్టినాము. షెడ్డులో రెండు వరసల ర్యాకులు. చాకీ ఒకటే, పొదిగిన దినం ఒకటే, సగం ఆ పక్క, సగం ఈ పక్క. నాలుగో జ్వరం బాగా లేచినాయి. ఐదో దశ మూడో దినం నుంచి కుడి పక్క పురుగులు కొమ్మ తప్ప ఏమీ మిగల్చలేదు. ఎడమ పక్క మాత్రం ఆకు మిగులుతా వచ్చింది.

సందకాడ మా అమ్మ షెడ్డులోకి వచ్చి నిలబడి, "ఏరా, ఆ పక్క సద్దే లేదు" అనింది. "తిని పండుకుండాయి లేమ్మా, ఆ పక్క పురుగు ముందుంది, రెండు దినాల్లో పండుతుంది" అన్నాము. కడుపు నిండిన పురుగుకు ఇంకా ఆకు ఎందుకు వేయాల, బెడ్ తడై రోగం వస్తుంది అని, ఎడమ పక్కకు ఆ రాత్రి మేత ఆపేసినాము. మరుసటి రాత్రీ అంతే. ఆకు మిగిలింది, కూలి మిగిలింది అని లోపల సంతోషం కూడా పడినాము.

గూడు విప్పేటప్పుడు చేతికే తెలిసిపోయింది. ఎడమ పక్క గూళ్లు నొక్కితే లోపలికి పోతా ఉండాయి. రెండు పక్కలవీ వేరువేరుగా తూకం వేసినాము. కుడి పక్క 75 లేయింగ్స్‌కు 54 కిలోలు. ఎడమ పక్క 75 లేయింగ్స్‌కు 37. మార్కెట్లో ఆ 37 కిలోలకు రేటు కూడా తక్కువే పలికింది.

మొదట గుడ్ల మీద అనుమానం పడినాము. కానీ రెండు పక్కలా అవే గుడ్లు కదా. తరువాత మా ఇంటామె గుర్తు చేసింది. కుడి పక్కకు షెడ్డు వెనక తోట ఆకు, చల్లపొద్దున కోసింది. ఎడమ పక్కకు దూరం తోట ఆకు. ఆ మూడు దినాలు కూలివాళ్లు ఆలస్యంగా వచ్చినారు. ఎండ ముదిరినాక కోసి, బండిలో కుప్పగా తెచ్చి, పట్ట కప్పి సందవేళ దాకా పెట్టినాము. కుప్పలో చెయ్యి పెడితే వేడిగా ఉండింది. అది చూసినాము, పట్టించుకోలేదు.

అంటే ఆ పక్క పురుగు కడుపు నిండి ఆగలేదు. ఆకు నచ్చక ఆగింది. ఆకలితో ఉన్న పురుగును మేము కడుపు నిండింది అని ఇంకా పస్తు పెట్టినాము. రెండు మేతలా, మూడు మేతలా అనే వాదనలో మా ఇంటికి దొరకని జవాబు ఇక్కడ ఉంది.

నోరు ఒప్పుకుంటేనే ఆకలి పనికొస్తుంది

పురుగు ఆకు కొరికే ముందు ఏం చేస్తుందో ఎప్పుడైనా దగ్గరగా చూడండి. తల కింద, నోటికి రెండు పక్కలా చిన్న వేళ్లలాంటివి ఉంటాయి. వాటితో ఆకు అంచును తట్టి తట్టి చూస్తుంది. అవి ఉత్త వేళ్లు కాదు. వాటి కొసల్లో రుచి తెలిసే నరాలు ఉంటాయి.

2020లో జపాన్ పరిశోధకులు దీన్ని విడమరిచి చూపించినారు. పురుగు రెండు సార్లు పరీక్ష చేస్తుందట. మొదట ఆ వేళ్లతో తట్టి, మల్బరీ ఆకులో ఉండే కొన్ని పదార్థాలు ఉన్నాయా లేదా చూస్తుంది. చాలా కొంచెం ఉన్నా కనిపెడుతుంది. అవి ఉంటేనే కొరుకుతుంది. కొరికినాక ఇంకో జత రుచి మొనలు ఆకు రసంలో చక్కెర ఉందా చూస్తాయి. అదీ సరిపోతే అప్పుడు వరసగా తినడం మొదలుపెడుతుంది. రెండింట్లో ఏది సరిగా లేకపోయినా మేత సాగదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 1960ల్లోనే జపాన్‌లో హమమురా అనే శాస్త్రవేత్త, పురుగును ఆకు దగ్గరికి లాగేవి కొన్ని, కొరికించేవి కొన్ని, మింగించేవి కొన్ని అని ఆకులోని పదార్థాలను విడదీసి చెప్పినాడు. 2009లో మల్బరీ ఆకు వాసనలో పురుగును బాగా లాగేది ఏదో, ఆ వాసనను పట్టే గ్రాహకం ఏదో కూడా అక్కడివాళ్లే కనుక్కున్నారు.

2019లో చైనా పరిశోధకులు ఇంకో పని చేసినారు. పురుగులో చేదు తెలిసే ఒక జన్యువును తీసేసినారు. ఆ పురుగులు మల్బరీ కాకుండా ఆపిల్, మొక్కజొన్న లాంటివి కూడా తిన్నాయి. మనం చిన్నప్పటి నుంచి పట్టుపురుగు మల్బరీ తప్ప ఏదీ తినదు అని వింటా ఉండాము. తినలేకపోవడం కంటే, 'వద్దు' అని నోట్లో ఉన్న నరం చెప్పడమే అందులో పెద్ద కారణం అని ఆ పని చూపించింది.

ఇప్పుడు మా వేడి ఆకు సంగతికి రండి. కోసిన ఆకు చచ్చిపోదు, ఊపిరి పీలుస్తానే ఉంటుంది. కుప్పలో వేడి పుట్టేది అందుకే. ఆ ఊపిరికి ఖర్చయ్యేది ఆకులోని చక్కెర. పైన నీరు కూడా ఆరిపోతుంది. పురుగుకు మనం వేరేగా నీళ్లు పెట్టము, దానికి తిండీ నీళ్లూ రెండూ ఆకే. చక్కెర తగ్గి, నీరు తగ్గిన ఆకును నోటి దగ్గరి నరాలు ఒప్పుకోవు. కడుపు ఖాళీగా ఉన్నా సరే, తల పక్కకు తిప్పుతుంది.

కడుపు నిండిందని మెదడుకు ఎట్ల తెలుస్తుంది

నిజంగా కడుపు నిండితే ఏమవుతుంది? దీనికి అన్నింటికంటే పేరున్న పరీక్ష పట్టుపురుగు మీద కాదు, ఈగ మీద జరిగింది. అమెరికాలో డెథియర్, బోడెన్‌స్టైన్ అనే ఇద్దరు 1958లో దాన్ని రాసినారు. ఈగ గొంతు వెనక, అన్నం పేగు ముందు భాగం నుంచి మెదడుకు వార్త మోసే ఒక సన్న నరం ఉంటుంది. ఆ నరాన్ని తెంచేసినారు. ఈగ చక్కెర నీళ్లు తాగడం ఆపలేదు. పొట్ట ఉబ్బి, కొన్ని పగిలిపోయేదాకా తాగినాయి. అంటే ఈగకు 'చాలు' అని చెప్పేది నాలుక కాదు, రక్తం కాదు. పేగు సాగినప్పుడు ఆ నరం మీదుగా పోయే వార్త. ఆ వార్త అందకపోతే దానికి నిండడం అనేదే లేదు.

మన పురుగు ఈగ కాదు. కానీ దానికీ మెదడు ముందర ఒక చిన్న నరాల ముడి ఉంది, దాన్నుంచి పేగు మీదుగా వెనక్కి పోయే నరం ఉంది. అమరిక అదే. మిడతల్లో ఇంకో విచిత్రం చూసినారు. కడుపు నిండినాక, నోటి పక్క వేళ్ల కొసల్లో రుచి తెలిసే రంధ్రాలు కాసేపు మూసుకుంటాయి. కడుపులో నుంచి వచ్చిన మాట నోటిదాకా పోయి తలుపు వేస్తుంది.

అయితే ఈ నిండడం మన రాత్రి భోజనం లాంటిది కాదు. పురుగు కొంతసేపు తింటుంది, తల ఆపి కొంతసేపు కదలకుండా ఉంటుంది, మళ్లీ తింటుంది. ఆ పంట పోయినాక ఒక రాత్రి మేము కుర్చీ వేసుకొని, ఒక్క పురుగునే పెట్టుకొని చూసినాము. పావుగంట తినింది. గంట సేపు ఊరకే ఉండింది. పండుకుంది అనుకునేలోపల మళ్లీ మొదలుపెట్టింది. తెల్లవార్లూ ఇంతే. కాబట్టి షెడ్డులోకి రెండు నిమిషాలు తొంగిచూసి, కదలని పురుగును చూసి, దీనికి ఈ రాత్రికి చాలు అనుకోవడం తప్పు. అది రెండు ముద్దల మధ్య ఆగి ఉండవచ్చు.

రక్తం కూడా లెక్క రాస్తుంది

పేగు చెప్పేది ఇప్పటి సంగతి. ఒంట్లో మొత్తం నిలువ ఎంత ఉందో చెప్పేది రక్తం. పురుగు రక్తంలో తిరిగే ముఖ్యమైన చక్కెర పేరు ట్రెహలోజ్. మన రక్తంలో గ్లూకోజ్ ఎట్లనో దానికి అది అట్ల.

మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉండారు, ఇన్సులిన్ అంటే ఏందో అందరికీ తెలుసు. 1980ల్లో జపాన్ వాళ్లు పట్టుపురుగు జాతి తలల నుంచి ఒక పదార్థం తీసి చూస్తే, అది మనిషి ఇన్సులిన్‌కు చుట్టం అని తేలింది. పట్టుపురుగు పేరు మీదనే దానికి బాంబిక్సిన్ అని పేరు పెట్టినారు. మెదడులోని కొన్ని నరకణాలు దాన్ని తయారు చేస్తాయి. తిండి దొరికి, రక్తంలో గ్లూకోజ్ పెరిగితే వదుల్తాయి. అప్పుడు రక్తంలోని ట్రెహలోజ్ తగ్గుతుంది, ఒంటి కణాలు దాన్ని వాడుకుంటాయి. పస్తు ఉంటే ఆ వదలడం తగ్గుతుంది. అంటే మెదడుకు ప్రతి పూటా ఒక కబురు అందుతా ఉంది, తిండి వస్తా ఉంది, పెరుగు అనో, తిండి రాలేదు, ఆగు అనో.

పొదిగిన దినం నుంచి పండేదాకా పురుగు బరువు పదివేల రెట్ల దాకా పెరుగుతుంది. మొత్తం తినే ఆకులో నూటికి 80 పాళ్ల పైనే ఐదో దశలోనే తింటుంది. పట్టు గ్రంథి నిండేదీ అప్పుడే. ఆ వారం దినాల్లో మెదడుకు రెండు రాత్రులు 'తిండి రాలేదు' అనే కబురు పోతే, దాని దెబ్బ గూడు పెంకు మీద పడుతుంది. మా ఎడమ పక్క 37 కిలోలు అదే చెప్పినాయి.

ఆకలినే ఆర్పేసే కాలం

ఇంకో రకం ఆగడం ఉంది. అది జ్వరం. నోరు బాగుంది, ఆకు బాగుంది, కడుపు నిండలేదు, అయినా తినదు. ఎందుకంటే మెదడు నుంచి ఆజ్ఞ పోయి, ఛాతీలో ఉండే గ్రంథి ఎక్డైసోన్ అనే హార్మోన్ వదిలింది. ఆ హార్మోన్‌ను మొదట చేతికి తీసింది కూడా పట్టుపురుగు నుంచే. 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ అనే ఇద్దరు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాములు తీసినారు. అంత కొంచెం సరుకు పురుగు ఒంట్లో చేసే పని చూడండి. చర్మం మార్పిస్తుంది, మేత మాన్పిస్తుంది.

జ్వరంలో పురుగు పైతోలు ఒక్కటే విడవదు. పేగు ముందు భాగం, వెనక భాగం లోపలి పొర కూడా విడుస్తుంది. ఆకు కొరికే దవడలు కొత్తవి వస్తాయి, అవి గట్టిపడాల. అందుకే 95 పాళ్ల పురుగు లేచేదాకా ఆకు వేయొద్దని, పురుగు జ్వరానికి కూర్చున్నాక సున్నం చల్లి బెడ్ ఆరబెట్టమని మనకు చెప్పేది. ముందు లేచిన పది పురుగులను చూసి జాలిపడి ఆకు వేస్తే, అవి ముందుకు పోతాయి, మిగతావి వెనకబడతాయి. ఆ తేడా గూడు దాకా పోదు. ఇక్కడ ఆకు వేయకపోవడమే సరి.

పండేటప్పుడు కూడా అదే హార్మోన్. పండు పురుగులు అక్కడక్కడ కనబడినప్పుడు మనం ఆకు మీద చల్లే 'సంపూర్ణ' ఏమనుకుంటా ఉండాము? మొక్కల నుంచి తీసిన అదే జాతి సరుకు. పురుగుల ఆకలిని ఒకేసారి ఆర్పి, అన్నింటినీ ఒక్కసారి గూటికి ఎక్కించే ఉపాయం. దాన్ని ముందుగానే చల్లితే ఏమవుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఇంకా తినాల్సిన పురుగుకు ఆకలి ఆరిపోతుంది.

చివరిది, భయపడాల్సిన ఆగడం

మన వైపు మల్బరీ గట్టుకు ఆనుకొనే టమాట, బీన్స్, క్యాప్సికం. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటి మందులు ఒక నరం నుంచి ఇంకో నరానికి మాట పోయే చోటనే పట్టుకుంటాయి. పట్టుపురుగుకు అవి చాలా కొంచెం చాలు. గాలికి కొట్టుకొచ్చిన మందు ఆకు మీద పడితే, పురుగు మేత వదిలేస్తుంది, తల ఇటు అటు ఆడిస్తుంది, కక్కుతుంది, ఒళ్లు కురచ అవుతుంది. ఇక్కడ ఆకు మిగలడం ఆకలి సంగతి కాదు, ఆకలి మోసే నరమే దెబ్బ తినింది.

రోగం పట్టినా మేత తగ్గుతుంది. షెడ్డు వేడెక్కినా తగ్గుతుంది. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు, తేమ 65 నుంచి 70 పాళ్లు ఉండాలని మనకు నేర్పినారు. ఎండాకాలం రేకుల షెడ్డు మధ్యాన్నం ఎంత ఉంటుందో మీ గోడకున్న మీటరు చూడండి.

మా మాట ఏమంటే

ఆకు మిగలడానికి ఇన్ని కారణాలు ఉండాయి. కడుపు నిండింది. ఆకు నచ్చలేదు. జ్వరానికి పోతా ఉంది. పండుతా ఉంది. మందు తగిలింది, రోగం పట్టింది, వేడి ఎక్కువైంది. మనం మాత్రం అన్నింటికీ ఒకటే మాట అంటాము, 'తినలేదు' అని. ఒకటే పని చేస్తాము, తరువాతి మేత తగ్గిస్తాము. జ్వరంలో అది సరైన పని. వాడిన ఆకు విషయంలో అది పంట మీద దెబ్బ.

కాబట్టి రెండా, మూడా అనే వాదన పక్కన పెట్టమని మేము అడుగుతా ఉండాము. చల్లపొద్దున కోసిన ఆకు, తడి గోనె కప్పి నిలబెట్టిన కొమ్మలు, పలచగా పరిచిన బెడ్, చల్లని షెడ్డు ఉంటే నిండుగా వేసిన రెండు మేతలతో కూడా పురుగు నిండుతుంది. వేడెక్కిన ఆకు అయితే నాలుగు మేతలు వేసినా అది పస్తే. లెక్క పెట్టాల్సింది మనం ఎన్నిసార్లు వేసినామని కాదు, పురుగు ఎంత తినిందని.

దీనికి ఇద్దరు ముగ్గురు అన్నలు అప్పుడే అన్నారు. "ఇదంతా చూస్తా కూర్చోడానికి తీరిక ఎక్కడిది? కూలి దొరకదు, పిల్లలు బెంగళూరు పోయినారు, ఉండేది మేమిద్దరమే." నిజమే. మా ఇంట్లోనూ అంతే. రాత్రి మేత వేసేది, తెల్లారకముందే లేచేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే అనేది కూడా నిజమే. మేత తగ్గించాలని వాళ్లు అడిగితే దానికి కారణం ఉంది. మేము మూడో మేత వాళ్ల నెత్తిన పెట్టమని చెప్పడం లేదు. ఆపేముందు పది పురుగులను చూడమంటా ఉండాము.

మేము చేసేది చెప్తాము. ఆకు మిగిలిన చోట నుంచి పది పురుగులు తీసి ఒక తట్టలో పెడతాము. అప్పుడే తోట నుంచి తెంపిన మంచి ఆకు వాటి మీద వేస్తాము. ఒకటి పెడితే చాలదు, అది రెండు ముద్దల మధ్య ఆగి ఉండవచ్చు. అందుకే పది. అందుకే అర్ధగంట, గంట ఆగి వచ్చి చూస్తాము. ఎక్కువ పురుగులు ఆ ఆకు తింటా ఉంటే కడుపు నిండలేదు, తప్పు మా ఆకులో ఉంది. వెంటనే మంచి ఆకు వేస్తాము, ఎంత రాత్రైనా. తినక, ఒళ్లు మెరుస్తా, తల ఎత్తి బిగుసుకొని ఉంటే జ్వరం. ఒళ్లు పసుపు తిరిగి, అద్దంలా అయ్యి, తట్ట అంచు ఎక్కుతా ఉంటే పండింది. కక్కితే, మెత్తబడితే ఆ తోట ఆకు ఆపేసి, కారణం తెలిసేదాకా ఇంకో తోట ఆకు వేస్తాము. మా అమ్మకు డెబ్బై దాటింది, కొమ్మలు మోయలేదు. ఈ పది పురుగుల పని ఇప్పుడు ఆమెదే. ఆమె చెవి మా కంటికంటే ముందే పట్టుకుంటుంది.

ఇంకొక మాట. అడవిలో గొంగళిపురుగుకు ఆకు నచ్చకపోతే ఇంకో కొమ్మకు పాకుతుంది, ఇంకో చెట్టుకు పోతుంది. వేల ఏండ్లుగా మనుషులు సాకి సాకి, మన పురుగుకు ఆ పోవడం అనేది లేకుండా పోయింది. ఆకలైనా, ఎక్కడ పెట్టినామో అక్కడే దగ్గర దగ్గరగా ఉండి ఎదురు చూస్తుంది. దాని నోరు, పేగు, రక్తం మెదడుకు అన్నీ చెప్తా ఉంటాయి. ఆ మెదడు చేయగలిగింది మాత్రం తల ఎత్తి ఉండడమే. మిగతా పని మన మీద పెట్టుకున్నాము కాబట్టి, చూసే బాధ్యత కూడా మనదే.

గ్రూపుకు ఒక కోరిక

మనం పంట అయినాక గ్రూపులో ఎన్ని లేయింగ్స్, ఎన్ని కిలోలు, ఏ మార్కెట్టు, ఎంత రేటు అని రాస్తాము. ఇక మీదట ఇంకొక వరస కలపండి. ఐదో దశలో ఆకు ఏ దినం మిగిలింది, ఎందుకు మిగిలింది. కారణం తెలియకపోతే 'తెలియలేదు' అని రాయండి, అదీ పనికొస్తుంది. నాలుగు పంటలు ఇట్ల రాస్తే, వాడిన ఆకుతో ఎంత పోతా ఉందో, పక్క చేను మందుతో ఎంత పోతా ఉందో, నిజంగా మేత ఎక్కువై ఎంత దండగవుతా ఉందో మన చేతిలోనే లెక్క ఉంటుంది. అప్పుడు ట్రైనింగుకు వచ్చే సార్లను, మేడంలను కూడా ఆ లెక్క పెట్టి అడగవచ్చు. రెండా మూడా అని మళ్లీ వాదించాలన్నా అప్పుడు వాదిద్దాము.

మా ఇంటి వరస మేమే మొదట రాస్తా ఉండాము: ఐదో దశ మూడో దినం, ఎడమ పక్క ర్యాకు, ఎండలో కోసి కుప్ప పెట్టిన ఆకు, రెండు రాత్రులు మేత ఆపినాము, తప్పు మాదే.